రూలు ఓడినవాళ్ల కోసం: ఏఎంవీ పోటీలు నడిపేవారితో కాసేపు

అందరికీ నమస్కారం.

మీలో ఎక్కువమంది ఈ ఏడాది మీ కాలేజీ ఫెస్ట్‌లో ఏఎంవీ పోటీ పెట్టాలనుకుంటున్నవాళ్లే. ఏఎంవీ అంటే యానిమే మ్యూజిక్ వీడియో: యానిమేలోంచి, అంటే జపాన్ యానిమేషన్‌లోంచి, దృశ్యాలు ఏరి ఒక పాట మీద పేర్చి చేసేది. నాలుగేళ్లుగా ఈ పోటీ నడుపుతున్నాను కాబట్టి నన్ను పిలిచారు. నా అనుభవం కంటే, నా చేతుల మీదుగా జరిగిన ఒక అన్యాయం మీకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మొదటి ఏడాది మా పోస్టర్ మీద నాలుగే నాలుగు రూల్స్. వీడియో ఐదు నిమిషాలు దాటకూడదు. బూతులు ఉండకూడదు. ఒక్కొక్కరు ఒకటే పంపాలి. జడ్జీలదే తుది నిర్ణయం. మొత్తం 31 వీడియోలు వచ్చాయి. స్క్రీనింగ్ రోజు మధ్యాహ్నం చివరిసారి చూసుకుంటుంటే, సెకండియర్ అమ్మాయి ఒకరు పంపిన వీడియోలో ఆరు సెకన్ల ముక్క కనిపించింది. అది యానిమేలోది కాదు, అదే సిరీస్ మీద వచ్చిన వీడియో గేమ్‌లోది. అమెరికాలో చాలా పోటీల్లో గేమ్ ఫుటేజ్ ఒప్పుకోరని నేను చదివి ఉన్నాను. పక్కన పెట్టేయమన్నాను, పెట్టేశారు. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. గొడవ పడలేదు, ఏడవలేదు. "అన్నా, ఆ రూల్ ఎక్కడుందో ఒకసారి చూపిస్తారా, నేను సరిగ్గా చదవలేదేమో" అంది. పోస్టర్ మా పక్కన గోడ మీదే ఉంది. ఇద్దరం దాని ముందు నిలబడి చదివాం. ఆ రూల్ అందులో లేదు. నా బుర్రలో మాత్రమే ఉంది.

గెలిచినవాళ్లు రూల్స్ పేజీ మళ్లీ తెరిచి చూడరు. ఓడినవాళ్లే చూస్తారు, పక్కన పెట్టబడ్డవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూస్తారు. అందుకే రూలు రాసేటప్పుడు ఓడిపోయిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయమంటాను. "ఎందుకు?" అని ఆ మనిషి అడిగితే, వీడియోలు రాకముందే అచ్చేసిన కాగితం మీద వేలు పెట్టి చూపించగలగాలి. అలా చూపించలేని కారణంతో ఎవరినీ తీసేయకూడదు. నేను ఈ రోజు చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రూల్స్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ పోటీలో మనం దేనికి మార్కులు వేస్తున్నాం?

1982లో అమెరికాలో జిమ్ కపోస్టాస్ అనే కుర్రాడు రెండు వీసీఆర్‌లు కలిపి ఒక వీడియో చేశాడు. జపాన్ వాళ్ల యమాతో యుద్ధనౌక కథ అక్కడ 'స్టార్ బ్లేజర్స్' పేరుతో వచ్చేది. అందులో యుద్ధం, పేలుళ్లు ఉన్న దృశ్యాలు ఏరి, ప్రేముంటే చాలని పాడే బీటిల్స్ పాట మీద పేర్చాడు. మొదటి ఏఎంవీ అని అందరూ చెప్పుకునేది దాన్నే. బొమ్మలు అతను గీయలేదు. పాట అతను కట్టలేదు. పాడిందీ అతను కాదు. మరి అతనిదేమిటి?

మనకి ఈ ప్రశ్న కొత్త కాదు. అవధానంలో సమస్య ఇస్తారు కదా. ఆ పాదం పృచ్ఛకుడిది, అవధానిది కాదు. చూడ్డానికి అర్థం పర్థం లేనట్టుంటుంది. దానికి ముందు మూడు పాదాలు వేసి, ఆ పాదం అక్కడ అలాగే ఉండాలి అనిపించేలా చేయడం అవధాని పని. పూరణ వినగానే సభ చప్పట్లు కొడుతుంది. "సమస్య నీది కాదుగా" అని ఎవరూ అనరు. ఏఎంవీ ఎడిటర్ పని కూడా పూరణే. ఇంకొకరి బొమ్మ, మరొకరి పాట, ఆ రెండూ కలిసిన చోట పుట్టే అర్థం మాత్రం ఎడిటర్‌ది. మనం మార్కులు వేయాల్సింది ఆ కలయికకే. పెట్టే ప్రతి రూలునీ ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎడిటర్ పనిని బాగా చూడ్డానికి సాయపడుతుందా, అడ్డం వస్తుందా?

సబ్‌టైటిల్స్ సంగతి చూడండి. బొమ్మ మీద అతుక్కుపోయిన సబ్‌టైటిల్స్ ఉంటే చాలా పోటీల్లో ఒప్పుకోరు. దానికి సరైన కారణముంది. తెర మీద అక్షరం కనబడితే కన్ను చదువుతుంది, వద్దన్నా చదువుతుంది. పాటలో ఒక మాట వినబడుతుంటే కింద ఇంకో మాట నడుస్తుంటుంది. కట్ ఎంత బాగా పడిందో చూసే తీరిక ఉండదు. చానెల్ లోగోలు, వాటర్‌మార్కులు కూడా అంతే. ఈ రూలు పెట్టండి.

కానీ దీని పక్కనే ఇంకో రూలు చాలామంది కాపీ కొడతారు: 1080 కంటే తక్కువ రిజల్యూషన్ ఉంటే చెల్లదని. అది మాత్రం పెట్టకండి. బ్లూ-రే డిస్కులు కొనుక్కోగలిగినవాళ్లకీ, హాస్టల్ వైఫై మీద బతికేవాళ్లకీ మధ్య అది పోటీ అయిపోతుంది. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా కట్ తెలుస్తుంది.

ఒక చిన్న సాంకేతిక విషయం జడ్జీలకు ముందే చెప్పాలి. యానిమే మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు. కానీ ప్రతి ఫ్రేముకీ కొత్త డ్రాయింగ్ ఉండదు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములో మూడు ఫ్రేములో నిలబెడతారు. అంటే సెకనుకు పన్నెండో ఎనిమిదో డ్రాయింగులు. తెలియని జడ్జి దాన్ని చూసి "వీడియో ఆగి ఆగి నడుస్తోంది" అని ఎడిటర్‌కి మార్కులు తగ్గిస్తారు. మా దగ్గర జరిగింది. అలాగే స్క్రీన్ రికార్డింగ్ 30 ఫ్రేముల్లో చేస్తే కొన్ని ఫ్రేములు రెండేసిసార్లు వచ్చి, కెమెరా పక్కకి జరిగే షాట్లు కుదుపుగా కనిపిస్తాయి. అది ఎడిటర్ సరిచేసుకోగలిగిందే. అందుకని చివరి తేదీకి వారం ముందే టెస్ట్ ఫైల్ తీసుకోండి. హాల్లో ఉన్న అదే ప్రొజెక్టర్ మీద, అదే ల్యాప్‌టాప్‌తో వేసి చూడండి. లోపముంటే చెప్పి, సరిచేసి పంపడానికి 48 గంటలు ఇవ్వండి. ఫైల్ తెరుచుకోలేదన్న కారణంతో, మాట కూడా చెప్పకుండా ఒక మనిషి నెల రోజుల పనిని చెత్తబుట్టలో వేయడం పాపం.

నిడివి గురించి త్వరగా చెప్పేస్తాను. 60 వీడియోలు, ఒక్కోటి నాలుగు నిమిషాలు అనుకుంటే 240 నిమిషాలు, నాలుగు గంటలు. ఏ జడ్జికైనా మూడో గంటలో కళ్లు మూతలు పడతాయి. కాబట్టి హద్దు పెట్టాలి, నాలుగు నిమిషాలు చాలు. కింది హద్దు మాత్రం పెట్టొద్దు. నిమిషంన్నరలో ముగిసే కామెడీ వీడియోని సాగదీయమని మనమే అడిగినట్టవుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది రుచికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకేమాన్ ఎపిసోడ్ ఒకటి ప్రసారమైంది. ఒక దృశ్యంలో ఎరుపు, నీలం రంగులు సెకనుకు పన్నెండు సార్లు మారుతూ మెరిశాయి. చూస్తున్న పిల్లలకు వాంతులు, తల తిరగడం, కొందరికి ఫిట్స్. ఆ రోజు 685 మంది వరకు ఆస్పత్రులకు చేరారని లెక్క. మన ఎడిటర్లకు బీట్ పడిన ప్రతిసారీ తెల్లగా ఫ్లాష్ కొట్టించడం మహా ఇష్టం. చీకటి హాలు, పెద్ద తెర, ముందు వరసలో కూర్చున్న పిల్లలు... సెకనుకు మూడు మెరుపులు మించకూడదని టీవీ ప్రసారాలకు, వెబ్ పేజీలకు పాటించే ప్రమాణం ఉంది. దాన్నే రూలుగా రాయండి. ఈ ఒక్క విషయంలో మినహాయింపులు వద్దు, ఎంత గొప్ప వీడియో అయినా సరే. కాకపోతే, దీనికీ 48 గంటల గడువు ఇవ్వండి. ఫ్లాష్ తగ్గించడం అరగంట పని.

కేటగిరీల దగ్గర అందరూ తడబడతారు. అమెరికాలో యానిమే అభిమానులు కలిసే అనిమే ఎక్స్‌పో, ఒటాకాన్, అనిమే వీకెండ్ అట్లాంటా లాంటి పెద్ద కన్వెన్షన్లు చూసి యాక్షన్, డ్రామా, రొమాన్స్, కామెడీ, ట్రైలర్ అని మనమూ పెట్టేస్తాం. అక్కడ అన్ని కేటగిరీలు ఎందుకొచ్చాయో గమనించండి. నిండిన హాల్లో నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. కామెడీ వీడియోకి హాలంతా ఊగిపోతుంది. దాని వెనకే ఒక తల్లి చావు మీద నెమ్మదిగా నడిచే వీడియో వస్తే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కూడా మెచ్చుకోవడమే, కానీ ఓట్ల లెక్కలో కనబడదు. ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టకూడదనే విడదీశారు. అయితే మీకు ఇరవై వీడియోలే వస్తే ఏడు కేటగిరీలు పెట్టకండి. కేటగిరీకి ముగ్గురు, ముగ్గురికీ బహుమతులు... దాన్ని గెలవడమని ఎవరూ అనుకోరు. నవ్వించేవి ఒకటి, మిగతావి ఒకటి, రెండు చాలు. తన వీడియో దేంట్లోకి వస్తుందో ఎడిటరే చెప్పాలి. మీరు మార్చాలనుకుంటే ముందు అడగండి.

ఇక తీర్పు. ఎక్కువ సేపు ఇక్కడే ఉంటాను, ఎందుకంటే అన్యాయం ఎక్కువగా జరిగేది ఇక్కడే, అదీ మంచి మనసున్న జడ్జీల చేతుల్లోనే.

మనవాళ్లు చేసేది ఏమిటి? పదికి మార్కులు వేయించి కూడేస్తాం. రెండు వీడియోలు, ముగ్గురు జడ్జీలు అనుకోండి. మొదటి జడ్జి మొదటి వీడియోకి 8, రెండో దానికి 7 వేశారు. రెండో జడ్జి కూడా అంతే, 8, 7. మూడో జడ్జి చేయి విసురుగా ఉంటుంది, మొదటి దానికి 2, రెండో దానికి 9. కూడితే మొదటి వీడియోకి 18, రెండో దానికి 23. ముగ్గురిలో ఇద్దరికి మొదటిదే నచ్చింది, అయినా అది ఐదు మార్కుల తేడాతో ఓడిపోయింది. మూడో జడ్జి మోసం చేయలేదు. వారి కొలబద్ద పొడుగ్గా ఉంది, అంతే. పొడుగు కొలబద్ద ఉన్నవారి మాటే చెల్లుతుంది, మిగతా ఇద్దరూ ఉత్తినే కూర్చున్నట్టు.

అందుకే మార్కులు కూడకండి. ప్రతి జడ్జినీ వరస రాయమనండి: ఇది మొదటిది, ఇది రెండోది అని. ఆ వరస అంకెలు కూడితే మొదటి వీడియోకి 1, 1, 2 కలిపి 4, రెండో దానికి 5. తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. మార్కులే కావాలంటే జడ్జీలను ఐదుగురిని పెట్టి, అందరికంటే ఎక్కువా అందరికంటే తక్కువా తీసేసి మధ్య మూడే లెక్కపెట్టండి. 2002లో సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ జంటల పోటీ తీర్పు మీద పెద్ద రచ్చ జరిగి, చివరికి రెండు జంటలకు బంగారు పతకాలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ ఆటలో మార్కుల పద్ధతే మార్చేశారు. ఇప్పుడక్కడ రెండు కొసలనీ కత్తిరించాకే సగటు తీస్తారు. అంతటి వేదిక మీద జరిగింది మన సెమినార్ హాల్లో జరగదని అనుకోవద్దు.

ఏది ముందు, ఏది తర్వాత చూస్తామన్న వరస కూడా తీర్పుని దెబ్బతీస్తుంది. బెల్జియంలో క్వీన్ ఎలిజబెత్ పేరుతో పియానో పోటీ జరుగుతుంది. ఎవరు ఏ రోజు వాయించాలో లాటరీలో తేలుస్తారు. ఆ పోటీల ఫలితాలను ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలిస్తే, మొదట్లో వాయించినవాళ్ల కంటే తర్వాత వాయించినవాళ్లకు మెరుగైన స్థానాలు వస్తున్నాయని తేలింది. చెవి అదే, సంగీతం తెలిసిన జడ్జీలే, అయినా ముందొచ్చినవాళ్లు నష్టపోయారు. మన జడ్జీలకు వీడియోలు ముందే ఇచ్చేస్తాం కాబట్టి మనకు తేలిక. ఒక్కొక్కరికి ఒక్కో వరసలో ఇవ్వండి. హాల్లో వేసే వరస మాత్రం అందరి ముందూ చీటీలు తీసి నిర్ణయించండి.

ఎలా చూడాలో కూడా జడ్జీలకు చెప్పాలి. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చూడమనండి, మామూలు ప్రేక్షకుల్లా. రెండోసారి సౌండ్ తీసేసి చూడమనండి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. సౌండ్ లేకుండా కూడా అంతే ఒళ్లు జలదరిస్తే, ఆ గొప్ప చాలావరకు ఆ బొమ్మలు గీసిన స్టూడియోది. పాట వచ్చాక మాత్రమే ఒక మామూలు షాట్, ఎవరో కిటికీ మూస్తున్న షాటో, బస్సు వెళ్లిపోతున్న షాటో, గుండెని పట్టుకుంటే అది ఎడిటర్ చేసిందే. 'డీమన్ స్లేయర్' సిరీస్ హీరో తాంజిరో కత్తి తీసినప్పుడు హాలు అరుస్తుంది, ఎవరు కట్ చేసినా అరుస్తుంది. జడ్జి ఆ అరుపుని లెక్కలోంచి తీసేసుకోగలగాలి. అందుకే జడ్జీల్లో ఆ సిరీస్‌లన్నీ చూసినవాళ్లూ ఉండాలి, అసలు యానిమే ముఖమే చూడని ఎడిటింగ్ తెలిసినవాళ్లు ఒకరైనా ఉండాలి. కథ తెలిసినవారికి ఎడిటర్ దాన్ని ఎలా తిప్పారో అర్థమవుతుంది. తెలియనివారు, ఈ వీడియో తన కాళ్ల మీద తాను నిలబడుతోందో లేదో చెబుతారు.

లిప్ సింక్ గురించి, అంటే పాటలో మాటలకు బొమ్మ నోరు కుదరడం గురించి ఒక మాట. ఇది తెలుగు పాటలు వాడేవాళ్ల కోసం. యానిమేలో నోటికి మామూలుగా రెండు మూడు బొమ్మలే ఉంటాయి: మూసి, కొంచెం తెరిచి, బాగా తెరిచి. అవి జపనీస్ మాటల కోసం పెట్టినవి. ఆ భాషలో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మన తెలుగూ అజంత భాషే. అందుకే తెలుగు పాటకు యానిమే నోళ్లు ఆశ్చర్యంగా కుదురుతాయి. ఇంగ్లీషు పాటకంటే బాగా కుదరడం నేను చాలాసార్లు చూశాను. మరి బాగా చేశారా లేదా అని ఎలా తేల్చాలి? ఓష్ఠ్యాలు పట్టుకోండి. ప, బ, మ వచ్చిన చోట పెదవులు కలవాలి. పెదవులు తగలకుండా చదవగలిగేలా నిరోష్ఠ్య కావ్యాలు రాసిన భాష మనది, ఈ తేడా మన చెవికీ కంటికీ ఇట్టే తెలుస్తుంది. "అమ్మ" అని వినబడుతున్నప్పుడు నోరు తెరిచే ఉంటే ఆ సింక్ తప్పింది. పాట మొత్తంలో అలాంటి చోట్లు ఐదారు చూస్తే చాలు.

ప్రేక్షకుల ఓటు పెట్టండి, కానీ దానికి వేరే బహుమతి ఇవ్వండి, జడ్జీల తీర్పుతో కలపకండి. ఆన్‌లైన్ లింక్ ఇచ్చి ఓట్లు వేయించారంటే ఎవరి వాట్సాప్ గ్రూపులు పెద్దవో తేలుతుంది, ఇంకేమీ తేలదు. ఒక ఏడాది మేమది చేశాం. వీడియో తెరవకుండానే ఓటేసినవాళ్లు వందల్లో ఉన్నారు. హాల్లోకి వచ్చేటప్పుడే కాగితం ఇచ్చి, ఆఖరి వీడియో అయ్యాక తీసుకోండి. మధ్యలో వచ్చినవాళ్లకు కాగితం లేదు.

పేర్ల సంగతి. జడ్జీలకు వెళ్లే కాపీలో ఎడిటర్ పేరు, లోగో ఉండకూడదు. అయినా మన లోకం చిన్నది, పనితీరు చూసి "ఇది ఫలానావారిది" అని గుర్తుపడతారు. అలాంటప్పుడు ఆ జడ్జి ముందే చెప్పేయాలి, ఆ వీడియో వరకు పక్కకి తప్పుకోవాలి. నిర్వాహకులు పోటీలో పాల్గొనకూడదు, ఇది రాసి తీరాలి.

ఏఐ పనిముట్లు, కొనుక్కున్న టెంప్లేట్లు వాడొచ్చా అని నిషేధాల జోలికి పోవడం లేదు నేను. ఏమేం వాడారో ఒక కాగితం మీద రాయమంటాను. టెంప్లేట్‌లో క్లిప్పులు అతికించిన వీడియో పక్కన, బీట్ బీట్‌కీ చేత్తో కట్ చేసిన వీడియో ఉన్నప్పుడు జడ్జికి ఆ తేడా తెలియాలి. ఫైనల్‌కి వచ్చినవాళ్లను టైమ్‌లైన్, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు పేర్చిన వరస, స్క్రీన్‌షాట్ అడగండి. ఇంకొకరి ఏఎంవీలోంచి ముక్కలు ఎత్తుకొచ్చినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

కాపీరైట్ గురించి మీకు తీపి మాటలు చెప్పలేను. బొమ్మా పాటా రెండూ మనవి కావు. 2005లో విండ్-అప్ అనే రికార్డు కంపెనీ తమ బ్యాండ్ల పాటలున్న ఏఎంవీలన్నీ తీసేయమంటే, ఆ రోజుల్లో వీటన్నిటికీ నిలయంగా ఉన్న సైటు తీసేయాల్సి వచ్చింది. వాటిలో ఒకటైన ఎవానెసెన్స్ బ్యాండ్ పాటల మీద చేసిన వీడియోలు మూకుమ్మడిగా పోయాయి. మన 1957 చట్టంలో 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకి కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది. పోటీలో తెర మీద వేయడం వాటి కిందకి వస్తుందని పిల్లలకు హామీ ఇవ్వకండి. టికెట్ పెట్టకండి. స్పాన్సర్ డబ్బుతో నగదు బహుమతులు పెట్టకండి. ఇంకో సంగతి చాలా పోటీల షరతుల్లో చూశాను: "పంపిన వీడియోలపై సర్వహక్కులూ నిర్వాహకులవే" అని. మనది కానిదాన్ని మనది అనడం, ఎడిటర్‌కి మిగిలిన ఆ కాస్త పూరణనీ లాక్కోవడం. ఆ వాక్యం మీ కాగితం మీద కనబడితే ఈ రోజే కొట్టేయండి.

ఫలితాలు చెప్పాక పని అయిపోలేదు. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ జడ్జీలు రాసిన మూడు వాక్యాలు పంపండి. ఒకటి బాగున్నది, ఒకటి తప్పింది, ఒకటి ఏ సెకను దగ్గర. "ఇంకా మెరుగుపడాలి" అని రాస్తే దాన్ని వాక్యంగా లెక్కపెట్టొద్దు. "1:42 దగ్గర పాట ఆగింది, బొమ్మ ఆగలేదు" అని రాయాలి. 31 వీడియోలకి ఇలా రాయడానికి మాకు రెండు రాత్రులు పడుతుంది. తర్వాతి ఏడాది మళ్లీ వీడియో పంపేది ఆ మూడు వాక్యాలు అందుకున్నవాళ్లే.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. అక్కడెవరో చేయెత్తారు, అడగండమ్మా.

(సభలోంచి ప్రశ్న: సర్, రూల్ తప్పిన వీడియోనే అన్నిటికంటే బాగుంటే అప్పుడేం చేయాలి?)

మంచి ప్రశ్న. రూలు ముందే రాసి ఉంటే, అది తప్పిన వీడియోకి బహుమతి ఇవ్వకూడదు. పాటించినవాళ్లందరికీ అది అన్యాయం. వాళ్లలో కొందరు ఆ రూలు కోసమే తమకు బాగా నచ్చిన షాట్ తీసేసుకుని ఉంటారు. కానీ ఫ్లాష్ లాంటి ప్రమాదం లేనప్పుడు, దాన్ని చూపించకుండా ఉండాల్సిన పని లేదు. పోటీ బయట వేయండి. ఎందుకు బయట వేస్తున్నారో, ఏ రూలు తప్పిందో తెర మీద ఒక వాక్యంలో చెప్పి వేయండి.

ఇందాక చెప్పిన ఆ అమ్మాయి వీడియో విషయంలో అసలు తప్పింది ఆమె కాదు, మేము. తర్వాతి ఏడాది ఆమెను అడిగి, ఆ వీడియోని అన్నిటికంటే ముందు వేశాం. దానికి ముందు తెర మీద ఆమె పేరు, కింద ఒక్క వాక్యం: "గత ఏడాది రాయని రూలుతో మేము తీసేసిన వీడియో ఇది." గేమ్‌లోని ఆ ఆరు సెకన్లు అలాగే ఉన్నాయి. ఆ ఏడాది మా రూల్స్ కాగితం మూడు పేజీలయింది. గేమ్ ఫుటేజ్ పది సెకన్ల వరకు వాడుకోవచ్చని రెండో పేజీలో ఉంటుంది.